ఖీమా దిమ్మ: గుప్పెడు రొట్టె పొడి చేసే పని

అర కిలో ఖీమా తెచ్చి, పైపైన ఉప్పు, కారం కలిపి, నిమ్మకాయలంత ఉండలు చుట్టి మరుగుతున్న పులుసులో వేశారనుకోండి. కాసేపటికి కొన్ని ఉండలు విడిపోయి పులుసంతా రవ్వరవ్వగా తయారవుతుంది. విడిపోకుండా నిలిచినవి గోళీకాయల్లా చిన్నవై, పంటికి లొంగనంత గట్టిపడతాయి. వంట చేసేవారికి ఈ సంగతి తెలుసు. అందుకే ఖీమాలో గుప్పెడు పుట్నాల పొడి కలుపుతారు. ఎందుకమ్మా అని అడిగితే "పట్టుకోవడానికి" అంటారు. అది నిజమే, అయితే సగమే నిజం. పొడి లేకుండా కూడా ఖీమా పట్టుకుంటుంది. పొడి చేసే అసలు పని వేరే ఉంది.

ముందు మాంసం అంటే ఏమిటో చూద్దాం. కొవ్వు లేని పచ్చి మాంసంలో ముప్పాతిక వంతు నీరే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం మాంసకృత్తులు. కండను చీల్చి చూస్తే సన్నని పోగులు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. ఒక్కొక్క పోగులో మయోసిన్, ఆక్టిన్ అనే మాంసకృత్తుల తీగలు ఉంటాయి. నీరంతా ఈ తీగల సందుల్లో ఇమిడి ఉంటుంది. ఈ కట్టలను చుట్టి ఉంచే పొరలో ఉండేది కొల్లాజెన్. కోడిగుడ్డు వేడికి గడ్డకట్టినట్టే ఇవి కూడా వేడికి మారతాయి. 50 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతంలో మయోసిన్ గడ్డకట్టడం మొదలవుతుంది. 60 దాటాక కొల్లాజెన్ ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంతో తడిబట్టను పిండినట్టు నీరు బయటికి వస్తుంది. మాంసం వండినప్పుడు మూడో వంతు దాకా బరువు తగ్గడం మామూలే. ముక్కల కూరలో ఈ రసం ఎక్కడికీ పోదు, పులుసులోనే కలుస్తుంది. ముద్దగా చేసి కాల్చినా, ఆవిరికి ఉడికించినా రసం కారిపోతే మిగిలేది పిప్పి.

ఖీమాలో ఈ బాధ మరీ ఎక్కువ. కత్తితో కోసిన పెద్ద ముక్కలో పోగులు చాలావరకు తెగకుండా ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు లక్షల పోగులు తెగి, రసానికి అన్నివైపులా దారులు ఏర్పడతాయి. కాని తెగిన చోట మయోసిన్ కూడా బయటపడుతుంది. అదే మనకు పనికొచ్చే విషయం. మయోసిన్ మామూలు నీటిలో కరగదు, ఉప్పునీటిలో కరుగుతుంది. ఖీమాకు ఉప్పు పట్టించి అయిదు నిమిషాలు గట్టిగా పిసికితే, విడివిడిగా ఉన్న ఖీమా చేతికి జిగురుగా అంటుకోవడం గమనిస్తారు. ఆ జిగురే మయోసిన్. వేడి తగలగానే అది వలలా గడ్డకట్టి ముద్దను పట్టి ఉంచుతుంది. పైపైన ఉప్పు చల్లిన ఉండలు విడిపోయింది పిసకనందుకే.

అయితే అతిగా పిసికితే వల మరీ బిగిసి ముద్ద రబ్బరులా అవుతుంది. ఇక్కడే పొడి అవసరం పడుతుంది. రొట్టె పొడి, పుట్నాల పొడి పోగుల మధ్య అడ్డుగా చేరి వలను మరీ బిగుసుకోనీయవు. అంతకన్నా ముఖ్యం, కండ పిండుకుని వదిలే రసాన్ని అవి పీల్చుకుంటాయి. పిండిపదార్థపు రేణువులు 60, 70 డిగ్రీల మధ్య నీరు పీల్చి ఉబ్బుతాయి. మాంసం నీరు వదిలేదీ సరిగ్గా ఆ వేడిలోనే! ఒకటి వదులుతుంటే పక్కనే ఉన్న రెండోది అందుకుంటుంది. బయటికి పోవలసిన రసం ముద్దలోనే నిలుస్తుంది.

మరి శెనగపిండి కలపకుండా పుట్నాల పొడి ఎందుకు? రెండూ శెనగలే కదా? పుట్నాలను వేడి ఇసుకలో వేయిస్తారు. అందులోని పిండి అప్పటికే కొంత ఉడికి, లోపల సన్నని బొరియలు ఏర్పడి ఉంటాయి. అందుకే చన్నీళ్లను కూడా తొందరగా పీలుస్తుంది. శెనగపిండి పచ్చిది, వేడి తగిలేదాకా దానికి అంత దాహం ఉండదు. రెండు గ్లాసుల్లో సమానంగా నీరు పోసి, ఒకదానిలో చెంచాడు పుట్నాల పొడి, రెండో దానిలో చెంచాడు శెనగపిండి కలిపి పదినిమిషాలు ఆగి చూడండి.

హైదరాబాదు షామీ కబాబులో శెనగపప్పును మాంసంతో కలిపి ఉడికించి నూరడం వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం. ఆ పని చేసే నేర్పరులకు మయోసిన్ పేరు తెలియనక్కరలేకపోయింది.

అమెరికాలో ఈ వంటకాన్ని ఉండలుగా కాక, రొట్టె ఆకారంలో పెద్ద దిమ్మగా చేసి ఓవెన్‌లో కాలుస్తారు. దాన్ని మీట్‌లోఫ్ అంటారు. 1930 దశకంలో ఆర్థికమాంద్యం వచ్చి పనులు పోయిన కాలంలో అది అక్కడి బీదసాదల ఇళ్లలో బాగా పాతుకుపోయింది. కొద్ది మాంసంలో పాతబడిన రొట్టె కలిపి ఇంటిల్లిపాదికీ సరిపెట్టేవారు. 1972లో జనరల్ ఫుడ్స్ అనే కంపెనీ మసాలా కలిపిన ఎండు రొట్టె ముక్కలను పెట్టెల్లో పెట్టి, స్టవ్ టాప్ అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. వేడినీళ్లు పోసి కలిపితే కొద్ది నిమిషాల్లో తయారవుతుంది. గృహిణులు ఆ పెట్టెను మీట్‌లోఫ్‌లో కూడా కలపడం నేర్చారు. దీనిపై పనిచేసిన బృందంలో ముఖ్యురాలు రూత్ సీమ్స్ అనే గృహవిజ్ఞాన పట్టభద్రురాలు. 1975లో వచ్చిన పేటెంటులో మొదటి పేరు ఆమెదే. కీలకం ఎక్కడుందో చూడండి: మసాలాలో కాదు, రొట్టె ముక్క పరిమాణంలో! ముక్క మరీ చిన్నదైతే నీరు పడగానే అంతా జావ. మరీ పెద్దదైతే లోపలికి నీరు చేరక గులకరాయిలా ఉండిపోతుంది. మీరు పాఠంలో చదువుకున్న ఉపరితల వైశాల్యమే ఇది. ఒక ముక్కను చిన్నచిన్న ముక్కలుగా చేసిన కొద్దీ బయటి వైశాల్యం పెరుగుతుంది, నీరు చేరే వేగమూ పెరుగుతుంది.

మనకు ఆ పెట్టె అవసరం లేదు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మిగిలిపోయిన జొన్న రొట్టె చాలు. జొన్నపిండిలో గోధుమ పిండికి ఉండే సాగే గుణం లేదు. అందుకే మన ఇళ్లల్లో జొన్నపిండిని వేడినీళ్లతో కలుపుతారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురొచ్చి రొట్టె చేయడానికి వస్తుంది. చల్లారి ఎండిన కొద్దీ పిండిపదార్థపు గొలుసులు తిరిగి ఒక వరుసలో బిగుసుకుంటాయి. రాత్రి రొట్టె పొద్దున గట్టిపడేది ఇందుకే. ఆ గట్టిదనం మనకు మేలు. తాజా రొట్టె రసం తగలగానే ముద్దయిపోతుంది, ఎండు రొట్టె నలుసులు మాత్రం రసం పీల్చి కూడా నలుసులుగానే ఉంటాయి. సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు చేసేటప్పుడు రొట్టెను నలిపి బెల్లం కలపడం మీలో చాలామంది చూసే ఉంటారు. సుమారుగా ఆ పరిమాణం, అంటే బొంబాయి రవ్వకన్నా కాస్త పెద్దగా నలిపితే సరిపోతుంది.

కొందరు దీన్ని కల్తీ అంటారు. నేను ఒప్పుకోను. మాంసం బరువులో అయిదో వంతు దాటనంతవరకు పొడి రసాన్ని నిలబెడుతుంది. అది దాటితే మాత్రం మాంసం వంటకమని చెప్పి పప్పు వంటకం పెట్టినట్టే, అప్పుడు కల్తీ అనవచ్చు.

2019 పశుగణన ప్రకారం దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ. సుమారు కోటీ తొంభై లక్షలు. మన రెండు జిల్లాల మెట్ట భూముల్లో గొర్ల మందలు కనపడని ఊరు అరుదు. అయినా మాంసం ధర చూస్తే చాలా ఇళ్లల్లో అది పండుగకో, చుట్టాలొచ్చినప్పుడో తప్ప రాదు. వచ్చిన రోజున కూడా ముక్కలు ఎవరి కంచాల్లో పడతాయో, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పులుసు ఎవరి వంతో మీకు చెప్పనక్కరలేదు. శరీరశాస్త్రం దీనికి నేరుగా ఎదురు చెబుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవయసు పురుషునికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. స్త్రీకి 29. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

జొన్నలో, శెనగలో ఇనుము లేకపోలేదు. అయితే వాటిలోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టుకుని పేగులకు సరిగా అందనీయదు. మాంసంలోని ఇనుములో కొంత భాగం రక్తవర్ణకంలో ఇమిడి ఉంటుంది కాబట్టి దానికి ఈ అడ్డు చాలా తక్కువ. అంతేకాదు, కొద్దిపాటి మాంసం పక్కన ఉంటే ధాన్యంలోని ఇనుము కూడా మరికాస్త ఒంటబడుతుంది. నిమ్మరసం కూడా ఇలాగే సాయపడుతుంది. కాబట్టి జొన్న, శెనగ, మాంసం ఒకే ముద్దలో ఉండడం పొదుపు మాత్రమే కాదు. పైగా దిమ్మను కత్తితో కోస్తే అన్నీ సమానమైన ముక్కలే. అమ్మకూ ఒకటి లెక్కపెట్టి పక్కన పెట్టవచ్చు.

చేసేముందు ఒక హెచ్చరిక. సూక్ష్మజీవులు మామూలు ముక్కకు ఎక్కువగా పైభాగానే ఉంటాయి, పైన బాగా వేడి తగిలితే చస్తాయి. ఖీమా కొట్టినప్పుడు పైనున్నవి లోపలికి కలిసిపోతాయి. అందువల్ల దిమ్మ నడిమధ్యన కూడా 71 డిగ్రీలు దాటాలి. మన ఎండాకాలంలో ఖీమాను గంటల తరబడి బయట ఉంచవద్దు, తెచ్చిన వెంటనే వండాలి. కడగాలనుకుంటే ముక్కలుగా ఉన్నప్పుడే కడిగించి, నీరు వాడ్చి, కళ్లముందే కొట్టించండి. కొట్టాక కడిగితే నీరు పట్టి ముద్ద వదులవుతుంది. ఖీమా కడిగినంత మాత్రాన క్రిములు పోవు కూడా. పచ్చి ఖీమా ముట్టిన చేతులు, గిన్నెలు సబ్బుతో కడగాలి. కుక్కరు దగ్గర పెద్దవాళ్లు తప్పక ఉండాలి.

ఆరుగురికి అర కిలో ఖీమా చాలు. ఎండిన జొన్న రొట్టె ఒకటి నలిపి, నాలుగు చెంచాల పాలో నీళ్లో చల్లి పదినిమిషాలు నాననివ్వండి. జొన్న రొట్టె లేకపోతే ఎండిన బ్రెడ్డు ముక్కలు మూడు. ఖీమాలో చెంచాడు ఉప్పు వేసి జిగురు వచ్చేదాకా పిసకండి. తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, గరం మసాలా, తరిగిన కొత్తిమీర, సన్నగా తరిగి నీరు పిండేసిన ఒక ఉల్లిగడ్డ, రెండు చెంచాల పుట్నాల పొడి, ఒక కోడిగుడ్డు, నానిన రొట్టె పొడి వేసి, ఈసారి మాత్రం మెల్లగా కలపండి. మొదట గట్టిగా, తర్వాత మెల్లగా ఎందుకో పైన చదివిందే. ఉల్లిగడ్డ నీరు పిండకపోతే రొట్టె పొడి దాహం ఆ నీటితోనే తీరిపోతుంది, మాంసపు రసానికి చోటుండదు.

మన ఇళ్లల్లో ఓవెన్లు తక్కువ. పర్వాలేదు, ఆవిరి ఉంది. నూనె రాసిన స్టీలు టిఫిను డబ్బాలో ఖీమాను గాలి సందులు లేకుండా అదమండి. మందం మూడు వేళ్లకు మించకూడదు, మించితే మధ్యకు వేడి చేరడం ఆలస్యమవుతుంది. పైన ఒక పళ్లెం మూసి, కుక్కరులో మూడు వేళ్ల ఎత్తు నీరు పోసి, డబ్బా నిలబెట్టి, విజిలు పెట్టకుండా 45 నిమిషాలు ఉడికించండి. నడుమ ఒకసారి మంట ఆపి, ఆవిరి పోయాక మూత తీసి నీరు తగ్గిందేమో చూడండి. చివర మధ్యలో కత్తి గుచ్చితే వచ్చే రసంలో ఎరుపు కనపడకూడదు. కనపడితే మరో పది నిమిషాలు. దించాక పావుగంట కదపకుండా ఉంచితే రసం చిక్కబడి, ముక్కలు విరగకుండా తెగుతాయి.

ఆవిరికి ఉడికిన దిమ్మ పాలిపోయి ఉంటుంది. ఎందుకంటే ఆవిరి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగిన రంగు, ఆ వాసన రావాలంటే 140 డిగ్రీల పైమాటే. ఆ వేడిలో మాంసకృత్తుల భాగాలు, చక్కెరలు కలిసి వందల రకాల కొత్త పదార్థాలు పుడతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరు మీద దీన్ని మెయిలార్డ్ చర్య అంటున్నారు. కాబట్టి ముక్కలు కోసి, పెనం మీద చెంచాడు నూనెతో రెండువైపులా ఎర్రగా కాల్చి, నిమ్మకాయ పిండి, జొన్న రొట్టెతో తినండి.

దిమ్మ చేసే రోజునే ఒక చిన్న పరీక్ష కూడా చేయవచ్చు. ఉప్పు వేసి పిసికిన ఖీమాలో నుంచి నిమ్మకాయంత ఉండ ఒకటి ముందే తీసిపెట్టండి. అన్నీ కలిపాక అంతే బరువున్న ఉండ మరొకటి చుట్టండి. రెండింటినీ రెండు చిన్న గిన్నెల్లో పెట్టి దిమ్మతోపాటే ఆవిరికి ఉడికించండి. దించాక ఏ గిన్నెలో ఎంత రసం చేరిందో చెంచాతో కొలిచి రాసుకోండి. ఉండలను కూడా మళ్లీ తూచండి. మాంసం తినని ఇళ్లవాళ్లు సొరకాయ తురుముతో ఇదే పరీక్ష చేయవచ్చు. అక్కడ నీరు వదిలేది సొరకాయ, పీల్చేది మళ్లీ రొట్టె పొడే.