తుప్పు చెప్పే గాలి లెక్క

గుప్పెడు ఇనుప పీచు, ఒక గాజు గొట్టం, కాస్త వెనిగర్... మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు ఎంతో ఇంట్లోనే తేల్చేయొచ్చు!

నాలుగు వానలు పడితే చాలు, గేటు గొళ్లెం బిగుసుకుపోతుంది. కిటికీ ఊచల మీద రంగు పొట్టులా లేస్తుంది. నేరేడ్‌మెట్ పాత కాలనీల్లోనైనా, మీ ఊళ్లోనైనా ఇది ప్రతి ఇంటి బాగోతమే. ‘పాడు తుప్పు’ అని తిట్టుకుని రంగు డబ్బా తెచ్చుకుంటాం. కానీ ఆ తుప్పుకి ఓ విద్య తెలుసు. గాలిలో ప్రాణవాయువు నూటికి ఎంతుందో అది కొలిచి చెబుతుంది!

ఎలాగంటారా? ఇనుము తుప్పు పట్టాలంటే రెండు కావాలి. ఒకటి తడి, రెండోది ఆక్సిజన్. గాలిలో నైట్రోజన్ 78 శాతం ఉన్నా ఇనుము దాని జోలికి పోదు. ఒక్క ఆక్సిజన్‌నే ఏరుకుని తనలో కలిపేసుకుంటుంది. మూసి ఉంచిన గాలిలో తడి ఇనుము పెడితే, ఎంత గాలి మాయమైందో అంత ఆక్సిజన్ అన్నమాట. ఇక కొలవడమే తరువాయి.

ఇలా చేసి చూడండి

గిన్నెలు తోమే మెరిసే స్టీలు పీచు ఇందుకు పనికిరాదు. అది తుప్పు పట్టని రకం. హార్డ్‌వేర్ దుకాణాల్లో చెక్కకి నునుపు పెట్టడానికి అమ్మే సన్నటి ఇనుప పీచు తీసుకోండి. దొరక్కపోతే లేత్ షాపులో రాలే ఇనుప రజను అయినా చాలు. అనుమానముంటే కాస్త తడిపి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఎర్రబడితే సరైన సరుకే.

పీచుకి నూనె అంటి ఉంటుంది కాబట్టి ముందు సబ్బుతో కడగాలి. తర్వాత వెనిగర్‌లో ఒకటి రెండు నిమిషాలు నానబెట్టి, బాగా విదిలించాలి. వెనిగర్ ఎక్కువగా మిగిలితే ఇనుముతో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తుంది, లెక్క తప్పుతుంది. పీచును విడదీసి, పొడవాటి పరీక్ష నాళిక అడుగున జారిపోకుండా ఇరికించండి. నాళికను నీళ్లున్న గిన్నెలో బోర్లించండి. లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం సమానంగా ఉండేలా చూసి స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. పక్కనే పీచు లేని నాళికను కూడా అలాగే బోర్లించండి. దీని పని తర్వాత చెబుతాం.

ఇక ఓపిక పట్టడమే. పీచు మెల్లగా నారింజ రంగుకి తిరుగుతుంది. నీళ్లు పైకి పాకడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజులకి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉంచినా కదలదు. తినడానికి లోపల ఆక్సిజన్ మిగల్లేదు మరి!

కొలిచేముందు నాళికను పైకీ కిందకీ జరిపి, లోపలి, బయటి మట్టాలను మళ్లీ సమానం చేయాలి. మొదట గాలి పొడవు 150 మిల్లీమీటర్లు ఉండి, ఇప్పుడు 119 మిగిలిందనుకోండి. తగ్గింది 31. దాన్ని 150తో భాగించి వందతో గుణిస్తే 20.7. పొడి గాలిలో ఆక్సిజన్ అసలు వాటా 20.95 శాతం. వంటింటి సామానుతో ఇంత దగ్గరికి రావడం మాటలా?

మరి రెండో నాళిక ఎందుకు? గాలి వేడికి ఉబ్బుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు తేడా వస్తే గాలి పరిమాణం మూడు శాతం పైగా మారిపోతుంది. పీచు లేని నాళికలో మట్టం కదిలిందంటే ఆ పని ఎండది, తుప్పుది కాదు. అందుకే మొదలుపెట్టిన వేళకే మర్నాడూ కొలవాలి.

కొవ్వొత్తి చేసే మోసం

‘ఇంత తిప్పలెందుకు? నీళ్లలో కొవ్వొత్తి నిలబెట్టి గ్లాసు బోర్లిస్తే సరిపోదా?’ అని మీకు అనిపించవచ్చు. మనలో చాలామంది చిన్నప్పుడు చూసిన ప్రయోగమే. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు పైకొస్తాయి, ‘చూశారా, అయిదో వంతు!’ అంటారు.

అక్కడే ఉంది తిరకాసు. ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక కొవ్వొత్తి ఆరదు. 16 శాతం దగ్గరకు తగ్గేసరికే ఆరిపోతుంది. అంటే ముప్పాతిక వంతు ఆక్సిజన్ ఇంకా గ్లాసులోనే ఉంటుంది. మరి నీళ్లు ఎందుకెక్కాయి? మంట వేడికి ఉబ్బిన గాలి కొంత ముందే బయటికి పోతుంది. ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ఖాళీలోకి నీళ్లు వస్తాయి. గమనించండి, నీళ్లు ఒక్కసారిగా ఎక్కేది దీపం ఆరిన తర్వాతే!

రెండున్నర శతాబ్దాల కుతూహలం

గాలి ఒకే పదార్థమని ఒకప్పుడు నమ్మేవారు. స్వీడన్‌లో మందుల తయారీదారు కార్ల్ షీలే రకరకాల పదార్థాలతో పాటు తడి ఇనుప రజనును కూడా మూసిన గాలిలో ఉంచి, గాలి తగ్గడం గమనించాడు. 1777లో వెలువడిన తన పుస్తకంలో ఆ సంగతులన్నీ రాశాడు. 1781లో ఇంగ్లండ్‌లో హెన్రీ కావెండిష్ అరవై వేర్వేరు రోజుల్లో గాలిని పరీక్షించాడు. ఆయన ఫలితాన్ని నేటి లెక్కలోకి మారిస్తే 20.8 శాతానికి చేరువ. 1804లో ఫ్రాన్స్‌కి చెందిన గే-లుసాక్ బెలూన్‌లో దాదాపు 7 వేల మీటర్ల ఎత్తుకెళ్లి గాలి పట్టుకొచ్చాడు. అక్కడా అదే వాటా!

నేరేడ్‌మెట్ పక్కన సైనిక్‌పురి, వాయుపురి ఉన్నాయి. మంచుకొండల్లో కాపలా కాసినవారిని అడిగితే అక్కడ ఊపిరాడదంటారు. వాటా తగ్గి కాదు, గాలే పలచబడి. 2014లో మన మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎక్కిన ఎవరెస్టు శిఖరం మీద కూడా ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. కానీ గాలి పీడనం సముద్రతీరంతో పోలిస్తే మూడో వంతే.

ఇక 2020, 2021లలో ఇంటింటా వినిపించిన ‘ఆక్సిజన్ 95’ వేరే లెక్క. అది గాలిది కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత ఆక్సిజన్‌ను మోస్తోందో చెప్పే అంకె.

దీపం వెలిగినా దిగొద్దు

ఈ లెక్క ప్రాణాలకు సంబంధించింది కూడా. నాళికలో జరిగిందే పెద్ద ఇనుప ట్యాంకులోనూ జరుగుతుంది. చాన్నాళ్లు మూసి ఉంచిన తడి ట్యాంకులో లోపలి గోడల తుప్పు ఆక్సిజన్‌ను తినేస్తుంది. లీటరు గాలిలోని ఆక్సిజన్‌ను హరించడానికి సుమారు 0.6 గ్రాము ఇనుము చాలు. ఆ గాలికి రంగుండదు, వాసనుండదు. కడగడానికి దిగిన మనిషి కుప్పకూలితే, కాపాడబోయినవాళ్లూ అలాగే పడిపోతారు. పాడుబడ్డ బావులు, ధాన్యం పాతర్లు, మ్యాన్‌హోళ్లలో కారణాలు వేరైనా ప్రమాదం ఇలాంటిదే.

పల్లెల్లో బావిలోకి ముందు లాంతరు దించి చూసే అలవాటుంది. ఆరిపోతే దిగకూడదన్నది నిజమే. కానీ వెలుగుతోంది కదా అని దిగడం మాత్రం తప్పు. 19.5 శాతానికి తగ్గితేనే ఆ గాలిని ప్రమాదకరంగా లెక్కిస్తారు. దీపం 16 దాకా వెలుగుతూనే ఉంటుంది. పైగా మురుగు గుంటల్లో పుట్టే విషవాయువుల్ని దీపం పట్టించలేదు. మీథేన్ ఉంటే ఆ దీపమే నిప్పు పెడుతుంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకుకి పిలవాల్సింది యంత్రమున్న బండినే.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి నాళిక బోర్లించండి. పీచు చేతికి గుచ్చుకోకుండా తొడుగులు వేసుకోండి, నిప్పుకి దూరంగా ఉంచండి. రెండ్రోజుల్లో నీళ్లు అయిదో వంతు ఎక్కి ఆగిపోయాక, ఆ పైన మిగిలిన నాలుగు వంతుల గాలినీ పిల్లలకి చూపించండి. చూపుకి మామూలు గాలే. కానీ అందులో ఊపిరి లేదు. మూత తీసిన ట్యాంకులోకి తొంగి చూడబోయే రోజున వాళ్లకి ఈ నాళిక గుర్తుకొస్తే అంతకన్నా ఏం కావాలి!