తాగే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూయించుకోండి

మన చిలమత్తూరు వైపు బోర్లకు నీళ్లు గ్రానైట్ రాతి పగుళ్లలోంచే వస్తాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. రంగు, వాసన మారవు. మందు కొట్టని పొలంలోని బోరైనా అంతే.

పైరు కోసం చేయించే నీటి పరీక్షలో సాధారణంగా ఫ్లోరైడ్ చూడరు. తాగే నీటి పరీక్ష అని విడిగా అడగండి. వీడియోలో చూపినట్టు మోటరు 10 నిమిషాలు ఆడనిచ్చి, లీటరు ప్లాస్టిక్ బాటిల్‌ను ఆ నీళ్లతోనే 3 సార్లు కడిగి, నిండా పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇవ్వండి.

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది. 1.5 దాటితే తాగొద్దు. పిల్లల పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుస్తాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు. ఆర్వో నీళ్లో, శుభ్రంగా పట్టిన వాన నీళ్లో తాగండి.