ఉప్పెన వచ్చు దారి

కోనసీమలో తుపాను అనగానే నడివయసు దాటిన వారికి 1996 నవంబరు 6వ తేదీ రాత్రి గుర్తుకు వచ్చును. దీపావళి ఇంక నాలుగు రోజులున్నది. ఆ రాత్రి కాకినాడకు దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున తుపాను తీరము దాటినది. వేయిమందికి పైగా మరణించిరి. గౌతమి మొగకు దగ్గరనున్న బలుసుతిప్ప, భైరవపాలెము వంటి మత్స్యకారుల పల్లెలు మిక్కిలి నష్టపోయినవి. కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో నేలకూలినవి.

కూలిన కొబ్బరితోటలు కన్నులకు కట్టినట్లుండుటచే తుపాను అనగా గాలియే అని మనము తలచుచుందుము. గాలి ప్రమాదకరమే. కాని లోకమున తుపానుల వలన కలిగిన ఘోరమైన ప్రాణనష్టములలో ఎక్కువ భాగము నీటివలన జరిగినది. గాలి తరుముకొని వచ్చు ఆ సముద్రపు నీటికి మన భాషలో ‘ఉప్పెన’ అని ప్రత్యేకముగ ఒక పేరున్నది. ఉప్పెన ఎట్లు పుట్టును? అల్లవరము వంటి చోట అది ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ? ఇంటివారు ముందుగా ఏమి నిర్ణయించుకొనవలెను? ఈ మూడు సంగతులను చూతము.

సుడి ఎట్లు తిరుగును?

బంగాళాఖాతమున ఏప్రిల్, మే నెలలలోను, మరల అక్టోబరు నుండి డిసెంబరు వరకును తుపానులు ఎక్కువగా పుట్టును. తుపాను పుట్టుటకు సముద్రపు పైనీరు సుమారు 26.5 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వెచ్చబడి ఉండవలెను. వెచ్చని నీటినుండి ఆవిరి పైకి లేచి, చల్లబడి మేఘమగునపుడు తనలోని వేడిని విడిచిపెట్టును. ఆ వేడికి గాలి మరింత పైకి పోవును. క్రింద పీడనము తగ్గును. చుట్టుప్రక్కల గాలి ఆ చోటికి పరుగెత్తును. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే ఆ గాలి తిన్నగా పోలేక ప్రక్కకు మళ్ళి సుడి తిరుగును. మన ఉత్తరార్ధగోళమున ఈ సుడి గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా ఉండును. ఈ ఒక్క సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఉప్పెన రహస్యమంతయు ఇందులోనే ఉన్నది.

గాలి వేగము గంటకు 62 కిలోమీటర్లకు చేరినపుడు వాయుగుండము ‘తుపాను’ అనిపించుకొనును. 89కి చేరిన ‘తీవ్ర తుపాను’. 118కి చేరిన ‘అతి తీవ్ర తుపాను’. వేగము రెట్టింపైనపుడు గాలి త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన రేకుల కప్పు 120 కిలోమీటర్ల గాలికి నిలుచునని అనుకొనరాదు.

నీరు ఎట్లు లేచును?

తుపాను నడుమ పీడనము తక్కువ కనుక అచ్చటి సముద్రము కొంచెము ఉబ్బును. భారమితిలో ఒక మిల్లీబారు తగ్గినచో నీరు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. ఇది స్వల్పము. అసలు పని చేయునది గాలి. అది నీటిని ముందునకు త్రోయును. లోతైన సముద్రములో అట్లు త్రోయబడిన నీరు అడుగునుండి వెనుకకు పోగలదు. తీరమునకు దగ్గరగా లోతు తక్కువ. అచ్చట వెనుకకు పోవు దారి లేక నీరు పోగుపడి, గట్టు దాటి, నేలమీదికి వచ్చును. వచ్చునది ఒక్క అల కాదు. సముద్రపు మట్టమే లేచి, దానిపై అలలు కొట్టుచుండును. అదే సమయమునకు పోటు ఉన్నచో ఆ ఎత్తుకూడ దీనికి కలియును. అమావాస్య, పూర్ణిమల పోటు ఇంకను ఎక్కువ.

ఇక దిశ సంగతి. తుపాను పోవు వైపునకు ముఖము పెట్టి నిలుచున్నామనుకొందము. మన కుడిచేతి వైపున గాలి సముద్రమునుండి నేలకు వీచును. ఎడమచేతి వైపున నేలనుండి సముద్రమునకు వీచును. కావున ఉప్పెన కుడివైపున ఎక్కువ. 1977 నవంబరు 19న తుపాను చీరాల వద్ద తీరము దాటినది. కాని ఉప్పెన దానికి కుడివైపున దూరముగా ఉన్న దివిసీమను ముంచినది. ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన ఆ నీటికి సుమారు పదివేలమంది బలియైరి.

ఈ లెక్క అల్లవరమునకు అన్వయించి చూతము. మండలమునకు దక్షిణమున సముద్రము. పడమట వైనతేయ పారి ఓడలరేవు వద్ద సముద్రములో కలియుచున్నది. తుపాను కాకినాడ వద్ద తీరము దాటినచో అల్లవరము ఎడమవైపున పడును. గాలి, వాన ఉండును గాని ఉప్పెన ఉధృతి తక్కువ. తుపాను పడమటనున్న నరసాపురము వద్ద దాటినచో అల్లవరము కుడివైపున పడును; సముద్రము మనమీదికి త్రోయబడును. “తుపాను మన దగ్గరకు రాలేదు, నరసాపురము పోయినది” అని విన్నపుడు నిశ్చింతగా ఉండరాదన్నమాట. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుపాను నరసాపురము సమీపముననే తీరము దాటినది. దాని బలము 1996 నాటి తుపాను బలము కంటె చాల తక్కువ. దారి అదే అయి, బలము 1996 నాటిదైనచో ఏమగును? ఓడలరేవు, కొమరగిరిపట్నము, బెండమూర్లంక వాసులు వేసికొనవలసిన ప్రశ్న ఇదియే.

ఉప్పెన రానిచోట కూడ నీటి భయమున్నది. సముద్రము ఎత్తుగా ఉన్నంతసేపు మురుగు కాలువల నీరు అందులోనికి దిగదు. కుండపోత వాన నీరు చేలలోను, వీధులలోను నిలిచిపోవును. కోతకు వచ్చిన సార్వా వరి ఇట్లే కుళ్ళును.

హెచ్చరిక ఒక్కటియే చాలునా?

గోదావరి మొగలోని కోరంగి రేవును 1789లోను, 1839లోను ఉప్పెనలు ధ్వంసము చేసినవి. అప్పటి ప్రజలకు హెచ్చరించువారు లేరు. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ ‘సైక్లోన్’ అను పేరు పెట్టినది 1840 తరువాతనే. నేడు ఉపగ్రహములు పైనుండి చూచుచున్నవి. విశాఖపట్నము, మచిలీపట్నములలో రాడారులున్నవి. వాతావరణ శాఖ తీవ్ర వాతావరణమునకు సుమారు 48 గంటల ముందు ఒక సూచనను, 24 గంటల ముందు మరింత గట్టి హెచ్చరికను ఇచ్చుచున్నది.

ఫలితము కండ్లయెదుట ఉన్నది. ఒడిశాలో 1999 తుపానుకు సుమారు పదివేలమంది మరణించిరి. 2013లో ఫైలిన్ అను తుపాను అదే రాష్ట్రమును తాకినపుడు ఇంచుమించు పదిలక్షలమందిని ముందుగా తరలించిరి. మృతులు వందకు లోపుననే ఉండిరి. గాలి అప్పుడును మిక్కిలి బలమైనదే. జనము సమయమునకు కదిలిరి. హెచ్చరిక మన గుమ్మమువరకు వచ్చును. గుమ్మము దాటించవలసినది ఇంటివారి నిర్ణయము.

ఇంటివారి నిర్ణయములు

మొదటిది ఎత్తు. మన నేల సముద్రమట్టమునకు కొద్ది మీటర్లు మాత్రమే పైన ఉన్నది. 1996లో నీరు ఎంతవరకు వచ్చినదో ఊరి పెద్దలను అడిగి, ఆ గుర్తుకు మన గుమ్మము పైన ఉన్నదో, క్రింద ఉన్నదో తెలిసికొనవలెను. బడిగోడపై ఆ గుర్తును రంగుతో గీయించినచో పిల్లలకు కూడ పాఠమగును.

రెండవది చోటు. అమెరికా నడిమి రాష్ట్రములలో సుడిగాలి వచ్చునపుడు కుటుంబము ఇంటి అడుగునున్న నేలమాళిగలోనికి దిగును. అక్కడి భయము గాలి మాత్రమే. మన భయము గాలియు, నీరును. మనము దిగరాదు, ఎక్కవలెను. తుపాను రక్షణ భవనము, మేడపై గది గల బడి, గట్టి డాబాగల బంధువుల ఇల్లు: ఈ మూడింటిలో ఏది మనదో ముందే అనుకొని, ఆ ఇంటివారికి చెప్పి ఉంచవలెను. తాటాకిల్లు, రేకుల ఇల్లు తుపానునాడు ఉండదగినవి కావు.

మూడవది సమయము. గాలి ముదిరిన పిమ్మట బయలుదేరుట ప్రమాదము. కోనసీమ రోడ్లకు ఇరుప్రక్కల కొబ్బరిచెట్లే. రెండు చెట్లు అడ్డముపడినచో దారి మూసికొనిపోవును. గర్భిణులు, ముసలివారు, పసిబిడ్డలు మొదటి హెచ్చరికకే కదలవలెను. తక్కినవారు పగటి వెలుతురు ఉండగానే వెళ్ళవలెను.

నాలుగవది సామాను. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున ఐదుగురికి మూడు దినములకు 60 లీటర్ల మంచినీరు కావలెను. మూతగల డబ్బాలలో నింపుకొనవలెను. అటుకులు, బెల్లము, వేరుసెనగలు వంటలేకయే ఆకలి తీర్చును. నిత్యము వాడు మందులు, బ్యాటరీ లైటు, చిన్న రేడియో, నిండుగా ఛార్జి చేసిన సెల్‌ఫోను ఒక సంచిలో ఉండవలెను. పట్టాదారు పాసు పుస్తకము, ఆధారు, బ్యాంకు పుస్తకము ప్లాస్టికు కవరులో వేసి అదే సంచిలో ఉంచవలెను.

ఐదవది తోట, పశువులు. ఇంటిపైకి వ్రాలిన చెట్లనుండి ముదురు కాయలను, ఎండుమట్టలను ముందే దింపించవలెను. గాలికి ఎగిరిన కాయ ఫిరంగి గుండు వంటిది. పశువులను మెరకకు తోలవలెను. వీలుకానిచో పలుపులైనను విప్పవలెను. కట్టివేసిన పశువు ఈదజాలదు.

ఇంకొక మాట. తుపాను నడుమ ‘కన్ను’ అను భాగము కలదు. అది మనపైనుండి పోవునపుడు గాలి హఠాత్తుగా నిలిచి, కొంతసేపు ఆకాశము తేటపడవచ్చును. అది శాంతము కాదు. కొంతసేపటిలో ఎదురుదిక్కునుండి అంత గాలియు మరల వచ్చును. అధికారులు చెప్పువరకు బయటికి రారాదు.

తుపాను వెళ్ళిన పిమ్మట తెగిన కరెంటు తీగలను తాకరాదు. నీటితో పాములు ఇంటిలో చేరియుండును. కర్రతో తట్టి చూచి అడుగు వేయవలెను. ఉప్పునీరు చేరిన నూతిని తోడించి, బ్లీచింగు పొడి వేసి, ఆ తరువాత కూడ నీటిని కాచి త్రాగవలెను.

ఇవన్నియు డబ్బుతో కూడిన పనులు కావు. అక్టోబరు రాకమునుపు ఒక సాయంత్రము ఇంటిల్లిపాదియు అరుగుమీద కూర్చుండి, “హెచ్చరిక వచ్చినచో ఎవరు ఎవరిని పట్టుకొని, ఎప్పుడు, ఎక్కడికి పోవలెను?” అను ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకొన్నచో చాలును. ఉప్పెనను ఆపు శక్తి మనకు లేదు. అది వచ్చు వేళకు మనము దాని దారిలో లేకుండుట మన చేతిలోని పని.