డాక్టర్ చదువు చదివేటోళ్లకే పండ్ల సోయి లేకపాయె

మనిషి శరీరంల అన్నిటికంటె గట్టిది ఏందని ఎంబీబీఎస్ పిల్లలను అడుగుండ్రి. పంటి మీది ఎనామిల్ అని ఠక్కున చెప్తరు. రాత్రిపూట పండ్లు తోముకుంటున్నరా అని అడిగితె మాత్రం నవ్వి ఊకుంటరు. నేను పండ్ల డాక్టర్‌ను. నా దగ్గరికి మెడికల్ కాలేజీ పిల్లలు మస్తుమంది ఒస్తరు. నొప్పి లేసినంకనే ఒస్తరు, ముందుగాల రారు. తెల్వక కాదు. తెలిసింది పుస్తకంలనే ఉంటది, బ్రష్ దాకా రాదు.

పన్ను ఎట్ల పుచ్చుతదో జర సూద్దం. నోట్ల ఉండే బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరను యాసిడ్ చేస్తయి. పీహెచ్ 5.5 కంటె కిందికి దిగితె ఎనామిల్ కరుగుడు షురువైతది. ఉమ్మి ఆ యాసిడ్‌ను తగ్గించి, పోయిన ఖనిజాన్ని మళ్ల కొంత ఎక్కిస్తది. దానికి అరగంట, ఒక్కోపారి ఇంకా ఎక్కువ పడ్తది. పరీక్షలప్పుడు హాస్టల్‌ల ఏమైతది? పదింటికి చాయ్, పదకొండింటికి బిస్కెట్లు, పన్నెండింటికి కూల్‌డ్రింక్. ఇగ ఉమ్మికి తీరిక ఏడుంటది? ఎంత చక్కెర తిన్నమన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నమన్నది కూడ లెక్కే. ఆఖరికి గట్లనే నిద్రపోతరు. నిద్రల ఉమ్మి ఊరుడు తగ్గుతది. తెల్లారేదాక బ్యాక్టీరియాకు పండుగే.

బొక్క ఇరిగితె అతుక్కుంటది. పంటికి గుంత పడితె మాత్రం దానంతటది పూడది. ఎనామిల్ తయారుచేసే కణాలు పన్ను మొలిచినంక ఉండయి. తెల్లమచ్చ ఉన్నప్పుడే పట్టుకుంటె ఫ్లోరైడ్ పేస్ట్‌తోని ఆపొచ్చు. ఫ్లోరైడ్ అంటె నల్లగొండ దిక్కు బెదురుతరు. ఆ బెదురు ఉత్తది కాదు. కని అది ఏండ్లకేండ్లు తాగిన బోరునీళ్ల సంగతి. పేస్ట్ మింగేది కాదు, తోమి ఉమ్మేసేది.

ఇది వాళ్ల పండ్ల ముచ్చటే అయితె నేను ఇంత రాయకపోదును. రేపు ప్రైమరీ హెల్త్ సెంటర్‌ల కూసునేది వీళ్లే. చాన ఊర్లల్ల పండ్ల డాక్టర్ ఉండడు. చిగుర్ల జబ్బు ముదిరితె షుగర్ అదుపుల ఉండుడు కష్టం, షుగర్ పెరిగితె చిగుర్లు ఇంకా ఖరాబైతయి. కింది దవడ పంటి చీము మెడలకు దిగితె ఊపిరాడక పాణం మీదికొస్తది. గుట్కా తినేటోళ్ల నోట్ల కాన్సర్‌ను మొదట్లనే పట్టేది కూడ నోరు తెరిపించి సూసే డాక్టరే.

2019ల ఒచ్చిన ఎంబీబీఎస్ సిలబస్‌ల పిప్పిపన్ను గుర్తుపట్టుడు, రోగికి నోటి శుభ్రత చెప్పుడు ఉన్నయి. వాటిని కాలేజీలు నిజంగ నేర్పాలె. పిల్లలు రాత్రి రెండు నిమిషాలు తోముకోవాలె, ఉమ్మినంక నీళ్లతోని బాగ పుక్కిలించొద్దు, నొప్పి లేకున్నా ఏడాదికొక్కసారన్న సూపించుకోవాలె. తన నోరు పట్టించుకోనోడు రోగి నోరు ఏం సూస్తడు? నాలుక సూపియ్యమనే డాక్టర్, ఆ టార్చిని జర పక్కకు తిప్పితె సాలు, పండ్లు గుడ కనపడ్తయి.