యువ క్రికెటర్లపై అంచనాలు

అండర్-19 పోటీలలో గానీ, తొలి రంజీ మ్యాచ్‌లలో గానీ విశేషంగా రాణించిన ఆటగాడు మున్ముందు ఏ స్థాయికి చేరగలడో పత్రికలు, సెలెక్టర్లు, అభిమానులు ముందుగానే లెక్క వేయడం క్రికెట్‌లో పరిపాటి. ఆ లెక్క నిజమైందో లేదో తేల్చడం పైకి కనిపించినంత సులభం కాదు. ఒక కొలబద్దతో విఫలుడనిపించిన ఆటగాడు మరొక కొలబద్దతో సఫలుడు కావచ్చు. తెలుగువారిలో ఇందుకు చక్కని ఉదాహరణలు అంబటి రాయుడు, హనుమ విహారి.

అంబటి రాయుడు

1985 సెప్టెంబరు 23న గుంటూరులో జన్మించిన రాయుడు హైదరాబాదు జట్టు తరఫున రంగప్రవేశం చేశాడు. 2002లో ఇంగ్లాండు పర్యటనలో టాంటన్‌లో జరిగిన అండర్-19 వన్డేలో 177 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. అదే సంవత్సరం నవంబరులో, 17 ఏళ్ళ వయసులో, ఆంధ్రపై రంజీ మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో 210, రెండవ ఇన్నింగ్స్‌లో 159 నాటౌట్ సాధించాడు. దానితో సచిన్ టెండుల్కర్ తరువాత ఇతడే అన్న మాట వినవచ్చింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. టెండుల్కర్‌ను కొలబద్దగా పెట్టుకుంటే దాదాపు ప్రతి ఆటగాడూ విఫలుడే.

2004 అండర్-19 ప్రపంచ కప్‌లో రాయుడు నాయకత్వం వహించిన భారత జట్టు సెమీఫైనల్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిపోయింది. ఆ పోటీలో 505 పరుగులతో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన శిఖర్ ధావన్ కూడా తొలి వన్డే కోసం 2010 వరకు, తొలి టెస్టు కోసం 2013 వరకు వేచి ఉండవలసి వచ్చింది. కనుక రెండు మూడేళ్ళలో తీర్పు చెప్పడం తొందరపాటే.

రాయుడు 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి భారత క్రికెట్ బోర్డు నిషేధానికి గురయ్యాడు. 2009లో క్షమాభిక్ష లభించింది. బ్యాట్స్‌మన్‌గా పరిణతి చెందవలసిన వయసులో రెండేళ్ళు ఇలా పోయాయి. వీటిని ప్రతిభా లోపం కింద లెక్క కట్టరాదు.

చివరకు 2013 జూలై 24న హరారేలో జింబాబ్వేపై తొలి వన్డే ఆడి 63 నాటౌట్ చేశాడు. మొత్తం 55 వన్డేలలో 1694 పరుగులు, సగటు 47.05. అయితే ఆడిన 50 ఇన్నింగ్స్‌లలో 14 సార్లు నాటౌట్‌గా మిగిలినందున సగటు పెరిగింది. పరుగులను ఇన్నింగ్స్ సంఖ్యతో భాగిస్తే సుమారు 34 వస్తుంది. మధ్య వరుస బ్యాట్స్‌మన్‌కు ఇది తక్కువేమీ కాదు. 2019 ప్రపంచ కప్ జట్టులో చోటు దక్కలేదు. టెస్టు ఒక్కటీ ఆడలేదు.

హనుమ విహారి

విహారి 1993 అక్టోబరు 13న, నాటి తూర్పు గోదావరి జిల్లా కేంద్రమైన కాకినాడలో జన్మించాడు. ఇతనిది దీనికి దాదాపు తలక్రిందులైన కథ. 2012లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నా 6 మ్యాచ్‌లలో 71 పరుగులే చేశాడు. ఫైనల్‌లో 111 నాటౌట్ చేసిన నాయకుడు ఉన్ముక్త్ చంద్ పైనే అందరి దృష్టీ నిలిచింది. చంద్ భారత సీనియర్ జట్టుకు ఎన్నడూ ఆడలేదు. విహారి 16 టెస్టులు ఆడాడు.

2017లో విజయనగరంలో ఒడిశాపై 302 నాటౌట్ చేసిన విహారి, 2018లో ఓవల్‌లో తొలి టెస్టు ఆడి 56 పరుగులు చేశాడు. అప్పటికి అతని ఫస్ట్ క్లాస్ సగటు 59 పైనే. టెస్టులలో మాత్రం 839 పరుగులు, సగటు 33.56. రెండింటినీ పక్కపక్కన పెట్టి పడిపోయాడనడం సరికాదు. 16 టెస్టులలో 13 విదేశాలలోనివి. 2018లో మెల్‌బోర్న్‌లో అలవాటు లేని ఓపెనర్ స్థానంలో దిగవలసి వచ్చింది. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా, అశ్విన్‌తో కలిసి 161 బంతులు ఎదుర్కొని మ్యాచ్‌ను డ్రాగా ముగించాడు. ఆ ఇన్నింగ్స్‌లో చేసిన పరుగులు 23 మాత్రమే.

వయసు, స్థాయి

అమెరికాలో బేస్‌బాల్ యువకులు మైనర్ లీగ్ అంచెలు దాటి పైకి వస్తారు. అక్కడ ఆటగాడి గణాంకాలతో పాటు ఆ అంచెలోని సగటు వయసు కంటే అతడు ఎంత చిన్నవాడో కూడా చూస్తారు. 17 ఏళ్ళకే పెద్దవారి బౌలింగ్‌పై రాయుడు చేసిన 210 విలువ ఇందువల్లనే ఎక్కువ. నగరాలకు దూరంగా, ఉదాహరణకు కోరుకొండ వంటి ఊళ్ళలో పెరిగే బాలుడికి టర్ఫ్ పిచ్‌పై ఆడే అవకాశం ఆలస్యంగా రావచ్చు. అట్టివారి విషయంలో వయసుతో పాటు ఎన్నేళ్ళ శిక్షణ దొరికిందన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.