ఎలుగుబంటి కుక్కకు చుట్టమే!

ఉద్దానం జీడితోటల్లో తెల్లవారుజామున అడుగుపెట్టిన రైతుకు ఒక్కొక్కసారి ఇసుకలో వింత జాడ కనిపిస్తుంది. ముద్ర మనిషి పాదంలాగే ఉంటుంది. ముందు అయిదు వేళ్లు, వాటికి కాస్త ఎడంగా పొడవాటి గోళ్ల గుర్తులు. రాత్రి ఎలుగుబంటి వచ్చి వెళ్లిందన్నమాట. ఆ పక్కనే ఊరకుక్క అడుగులు కూడా ఉంటే, ఈ రెండు జంతువులూ చుట్టాలని ఎవరూ అనుకోరు. కాని చుట్టాలేనని శాస్త్రజ్ఞులు తేల్చారు.

మాంసాహార జంతువులను వారు రెండు శాఖలుగా విభజించారు. ఒకటి పిల్లి శాఖ. పులి, చిరుత, ముంగిస ఇందులోనివి. చూపుకు కుక్కలా ఉండే దుమ్ములగొండి కూడా నిజానికి ఈ శాఖలోనిదే! రెండవది కుక్క శాఖ. తోడేలు, నక్క, ఎలుగుబంటి దీనికి చెందినవి. అయితే కుక్క, ఎలుగుల పూర్వీకులు విడిపోయి నాలుగు కోట్ల సంవత్సరాలు దాటింది. కనుక ఇవి దూరపు చుట్టాలే. కుక్క వేళ్ల మీద నడుస్తుంది. ఎలుగు మనలాగా అరికాలు మొత్తం నేలకు ఆన్చి నడుస్తుంది. రెండూ పిల్లిలా గోళ్లు లోపలికి ముడుచుకోలేవు. రెంటికీ బలమంతా ముక్కులోనే ఉంది.

చెదలే దాని భోజనం

ప్రపంచంలో ఎనిమిది రకాల ఎలుగుబంట్లు ఉన్నాయి. తెలుగు నేల మీద అడవుల్లో ఉన్నది ఒక్క రకమే. పెద్ద మగది 140 కిలోల వరకు తూగుతుంది. మాంసాహార జంతువుల్లో లెక్కించినా దీనికి ఇష్టమైన ఆహారం చెదలు, చీమలు, తేనె, పళ్లు. పై దవడలో ముందరి పళ్లు రెండు ఉండవు. చెదపుట్టను గోళ్లతో తవ్వి, ఆ సందు గుండా చెదలను పీల్చుకుంటుంది. దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలను మూసుకోగలదు. ఆ పీల్చే చప్పుడు నూరు గజాలకు పైగా వినిపిస్తుంది. ఇప్పపువ్వు, నేరేడు, ఈతపళ్లు, రేలకాయలు కూడా తింటుంది. జీడిమామిడి, పనస పండే రోజుల్లో తోటలకు రావడానికి కారణం ఇదే.

ఆడ ఎలుగు సాధారణంగా చలికాలంలో గుహలో ఒకటి రెండు పిల్లలను కంటుంది. అవి కొన్ని నెలలపాటు తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతాయి.

ఎందుకు మీద పడుతుంది?

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దానికి చూపు తక్కువ. కొన్ని చోట్ల గుడ్డెలుగు అని పిలిచే పేరు ఈ గుణానికి సరిపోతుంది. పుట్ట తవ్వుతూ తన చప్పుడులో తానుండగా మనిషి దగ్గరికి వచ్చేస్తే, అది బెదిరి మీద పడుతుంది. పిల్లల తల్లి అయితే మరీ ప్రమాదం.

ఉద్దానం ప్రజలకు ఇది కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగు దాడికి ఒక రైతు బలయ్యాడు. మరికొందరు గాయపడ్డారు. అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి దానిని పట్టుకున్నారు. తరువాత అది కూడా మరణించింది. మనిషికీ నష్టమే, మృగానికీ నష్టమే.

కనుక తోటకు ఒంటరిగా, చప్పుడు లేకుండా వెళ్లరాదు. బాగా తెల్లవారిన తరువాత ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లడం మేలు. మనిషి అలికిడి ముందుగా తెలిస్తే ఎలుగు చాలావరకు తానే తప్పుకుంటుంది. దూరాన కనిపిస్తే రాళ్లు రువ్వకుండా మెల్లగా వెనక్కు జరగాలి. పరుగులో అది మనిషిని మించుతుంది, చెట్టు కూడా ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని, మెడనూ తలనూ చేతులతో కప్పుకోవాలి.

కుక్క తోడుంది కదా అని ధైర్యపడటం కూడా పొరపాటే. మొరిగి రెచ్చగొట్టిన కుక్క, ఎలుగు తిరగబడగానే యజమాని దగ్గరికే పరుగెత్తి వస్తుంది. దాని వెనుకనే చుట్టం కూడా వస్తుంది!

ఎలుగును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తోటలో జాడ కనిపిస్తే అటవీ సిబ్బందికి వెంటనే తెలియజేసి, ఇరుగుపొరుగు రైతులను హెచ్చరించడం అందరికీ క్షేమం.