మోడల్ రైల్వే: నాలుగడుగుల చెక్కపై బొగ్గుబాయి రైలు.. సింగరేణి టబ్బుల లైను ఇంట్లోనే కట్టుకోవడం ఎలా?

టేబుల్ మీద వేలెడంత ఇంజిన్, వెనకాల నాలుగు డబ్బాలు. సొరంగంలోకి దూరుతుంది, వంతెన దాటుతుంది, ఊరి పక్క నుంచి మలుపు తిరుగుతుంది. ఇలాంటి రీల్స్ మీరూ చూసే ఉంటారు. వాటిలో ఎక్కువగా కనిపించేవి స్విట్జర్లాండ్ కొండలు, జర్మనీ స్టేషన్లు, జపాన్ పల్లెలు. బాగున్నాయని లైక్ కొట్టి స్క్రోల్ చేసేస్తాం. మన దగ్గర ఇలాంటి బుల్లి రైళ్లు ఎక్కడివిలే అనుకుంటాం.

కానీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బుల్లి పట్టాలు కిలోమీటర్ల కొద్దీ ఉండేవి. ఆ రైలుకు టికెట్ లేదు, టైమ్ టేబుల్ లేదు. కారణం, అది నడిచింది భూమి లోపల. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయిల్లో బొగ్గు మోసిన టబ్బుల లైను అది. దాన్నే ఇంట్లో మోడల్‌గా ఎలా కట్టుకోవచ్చో స్టెప్ బై స్టెప్ చూద్దాం. ఖరీదైన ఇంపోర్టెడ్ ఇంజిన్ కూడా అక్కర్లేదు.

నారో గేజ్ అంటే ఏంటి?

రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. ఇప్పుడు మనం ఎక్కే రైళ్లది బ్రాడ్ గేజ్, అంటే 1,676 మిల్లీమీటర్లు. మీటర్ గేజ్ అంటే 1,000 మిల్లీమీటర్లు. అంతకంటే తక్కువైతే నారో గేజ్. మన దేశంలో ఎక్కువగా కనిపించేవి 762, 610 మిల్లీమీటర్ల లైన్లు. డార్జిలింగ్ రైలు 610, కల్కా-సిమ్లా రైలు 762.

ఇక్కడ చాలామందికి ఓ కన్ఫ్యూజన్ ఉంటుంది. ఆదిలాబాద్-ముద్ఖేడ్ మధ్య ఒకప్పుడు నడిచిన చిన్న రైలు నారో గేజ్ కాదు, మీటర్ గేజ్. ఆ తర్వాత అది బ్రాడ్ గేజ్‌గా మారింది. పెద్దపల్లి, మంచిర్యాల, కాగజ్‌నగర్ మీదుగా వెళ్లే కాజీపేట-బల్లార్షా లైను మాత్రం మొదటి నుంచీ బ్రాడ్ గేజే. తెలుగు నేల మీద ప్యాసింజర్లు ఎక్కిన నారో గేజ్ కావాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడ దాకా వెళ్లాలి. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ 762 మిల్లీమీటర్ల లైను 1900లో మొదలైంది. బ్రాడ్ గేజ్‌గా మార్చడం కోసం 2004లో ఆ చిన్న రైలును ఆపేశారు.

ఇంతకీ పట్టాలు ఎందుకు దగ్గర చేస్తారు? మలుపు కోసం. గేజ్ తగ్గితే బండి చిన్నదవుతుంది, ఇరుకు మలుపులోనూ తిరుగుతుంది. కొండల్లో, గనుల్లో నారో గేజ్ వేయడానికి ఇదే కారణం. ఇంట్లో చోటు లేనివాళ్లకు నారో గేజ్ మోడల్ నప్పడానికి కారణం కూడా ఇదే. మామూలు హెచ్‌వో మోడల్ రైలు గుండ్రంగా తిరగాలంటే సాధారణంగా 18 అంగుళాల వ్యాసార్థం కావాలి, అంటే నాలుగడుగుల వెడల్పు బల్ల. 9 మిల్లీమీటర్ల పట్టా మీద నడిచే నారో గేజ్ మోడల్‌కు 9 అంగుళాలు చాలు. రెండడుగుల్లో తిరిగేస్తుంది.

టబ్బులు ఎలా నడిచేవి?

1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు జాడ కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. తర్వాత గనులు గోదావరి తీరం వెంట బెల్లంపల్లి వైపు, రామగుండం వైపు విస్తరించాయి.

మన దగ్గర జనం గనిని బాయి అనే అంటారు. ఏటవాలుగా భూమిలోకి దిగే దారి ఇంక్లైన్. ఆ వాలు మీద పట్టాలు, పట్టాల మీద ఇనుప టబ్బులు. లోపల బొగ్గు నింపిన టబ్బులను పైన ఉన్న హాలేజీ ఇంజిన్ ఉక్కు తాడుతో లాగేది. ఖాళీ టబ్బులు తమ బరువుకే కిందికి జారేవి, తాడు వాటిని పట్టి ఉంచేది. పైకొచ్చాక టిప్లర్‌లో టబ్బును బోర్లిస్తే బొగ్గు పడిపోయేది. అంటే ఈ రైలుకు ముందు ఇంజిన్ ఉండదు. లాగేది తాడే. మోడల్ కట్టేవాళ్లకు ఇదే పెద్ద వరం.

ఇప్పుడే ఎందుకు?

ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్ కాస్ట్ గనుల నుంచే వస్తోంది. భూగర్భ గనులు తగ్గిపోయాయి. ఉన్నవాటిలోనూ టబ్బుల పనిని కన్వేయర్ బెల్టులు తీసుకున్నాయి. బాయి దిగి టబ్బు నింపిన తరం రిటైరైపోయింది. వాళ్ల మనవళ్లలో చాలామందికి టబ్బు ఎలా ఉంటుందో కూడా తెలియదు. తాత పనిచేసిన చోటును చూపించాలంటే మూతపడ్డ బాయిలోకి వెళ్లలేం. ఇంటి ముందు గదిలో మాత్రం పెట్టుకోవచ్చు.

ముందు లెక్క తేల్చుకోండి

స్కేల్ అంటే అసలు వస్తువును ఎన్ని రెట్లు తగ్గిస్తున్నామో చెప్పే లెక్క. మనం 87వ వంతు తీసుకుందాం. 9 మిల్లీమీటర్ల పట్టాను 87తో గుణిస్తే 783 వస్తుంది. అసలు నారో గేజ్ 762కు బాగా దగ్గర. ఈ పట్టా ఎన్ గేజ్ పేరుతో హాబీ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

ఈ స్కేల్‌లో అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లు ఉంటాడు. ఒకటిన్నర మీటర్ల టబ్బు 17 మిల్లీమీటర్లు, అంటే చింతగింజ కంటే కాస్త పెద్దది. అన్నీ లెక్క ప్రకారమే తగ్గించాలని పట్టుబడితే మాత్రం కష్టం. ఉదాహరణకు 45 మీటర్ల కుంటాల జలపాతం ఈ స్కేల్‌లో కూడా అర మీటరు దాటుతుంది. అందుకే మనుషులు, టబ్బులు, తలుపులు స్కేల్ ప్రకారం చేసి, గుట్టలు, దూరాలు కుదించేస్తారు. చూసే కన్ను మనిషి బొమ్మతోనే పోల్చుకుంటుంది కాబట్టి తేడా తెలియదు.

బోర్డు, వాలు, పట్టా

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న 12 ఎంఎం ప్లైవుడ్ తీసుకోండి. కింద రీపర్ల ఫ్రేమ్ కొట్టించండి, లేకపోతే వానాకాలం తేమకు చెక్క వంగుతుంది. దీన్ని ఎనిమిది అంగుళాల ఎత్తు కాళ్ల మీద నిలబెట్టండి. పై అంతస్తు నేల, కింది అంతస్తు బాయి. ముందు వైపు తెరిచి ఉంచితే భూమిని నిలువుగా కోసి చూపించినట్టు ఉంటుంది.

ఇంక్లైన్ కోసం ప్లైవుడ్‌లో రెండడుగుల పొడవు, మూడంగుళాల వెడల్పున చీలిక కోయించండి. ఆ చీలిక గుండా పట్టా కిందికి దిగాలి. నాలుగుకు ఒకటి వాలు పెడితే రెండడుగుల్లో ఆరంగుళాలు దిగుతుంది. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట పట్టాను ఒక్కసారిగా విరవొద్దు. మూడు నాలుగంగుళాల మేర మెల్లగా వంచాలి. లేకపోతే టబ్బులు అక్కడే పట్టా తప్పుతాయి.

పైన టిప్లర్ దాకా మరో 18 అంగుళాల పట్టా వేయండి. అది కూడా పూర్తిగా చదునుగా ఉండొద్దు. ఇంక్లైన్ వైపు ముప్పావు అంగుళం వాలు ఇవ్వండి. అప్పుడే తాడు వదిలితే ఖాళీ టబ్బులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి.

తాడు ఎలా లాగుతుంది?

ఎలక్ట్రానిక్స్ షాపులో 12 వోల్టుల గేర్ మోటార్ అడగండి, నిమిషానికి 30 చుట్లు తిరిగేది. దాని ఇరుసుకు రెండు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న డ్రమ్ము బిగించండి. ఒక చుట్టుకు 6.28 సెంటీమీటర్ల దారం చుట్టుకుంటుంది. అంటే సెకనుకు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. దీన్ని 87తో గుణించి చూస్తే గంటకు దాదాపు 10 కిలోమీటర్ల వేగం. తాడు మీద వచ్చే టబ్బులకు నప్పే నడక అది. అడుగు నుంచి టిప్లర్ దాకా మూడున్నర అడుగులు రావడానికి 34 సెకన్లు పడుతుంది. సరిగ్గా ఒక రీల్ అంత!

దారం నల్లటి నైలాన్‌ది అయితే ఉక్కు తాడులా కనిపిస్తుంది. వాలు మొదలయ్యే చోట దారం చెక్కకు ఒరుసుకుని తెగిపోతుంది. అక్కడ గుండుసూదికి పూస గుచ్చి, పట్టాల మధ్య రోలర్‌లా పెట్టండి. అసలు ఇంక్లైన్లలోనూ తాడు కింద రోలర్లే ఉండేవి. మోటార్ రెండు వైపులా తిరగడానికి ఆరు కాళ్ల టాగుల్ స్విచ్ చాలు. రెండు చివర్లా లిమిట్ స్విచ్ పెడితే టబ్బులు డ్రమ్ములోకి దూసుకుపోవు. కరెంటు కోసం మంచి అడాప్టర్ వాడండి, ఇంటి కరెంటును నేరుగా బోర్డు మీదకు తేవొద్దు.

టబ్బు చక్రాలకు పాత ఎన్ గేజ్ బండ్ల చక్రాలు వాడుకోవచ్చు. డబ్బా మాత్రం మందపాటి అట్టతో చేసేయొచ్చు. అడుగున చిన్న ఇనుప ముక్క అంటించి బరువు పెంచండి. దారం కట్టకముందే ఓ టెస్ట్ చేయండి. ఖాళీ టబ్బును వాలు మీద, పైపట్టా మీద విడివిడిగా వదిలితే దానంతటదే జారాలి. జారలేదంటే చక్రాలు బిగుసుకున్నట్టే.

గుట్టలకు నిర్మల్ చిట్కా

చుట్టూ నేల, గుట్టలు చేయడానికి విదేశాల్లో ప్రత్యేకమైన పౌడర్లు, ఫోమ్‌లు అమ్ముతారు. మనకు నిర్మల్ పక్కనే ఉంది. నిర్మల్ కొయ్యబొమ్మలు తేలికైన పొనికి కర్రతో చేస్తారు. ముక్కలను అతకడానికి, ఒంపులు తీర్చడానికి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పం వాడతారు. దాని మీద తెల్లసుద్ద పూసి రంగులు వేస్తారు. ఇదే పద్ధతి మోడల్ గుట్టకు అచ్చంగా సరిపోతుంది.

థర్మాకోల్ ముక్కలు మెట్లుగా పేర్చి గుట్ట ఆకారం తెచ్చుకోండి. పైన లప్పం పలుచగా పూయండి. ఒకేసారి మందంగా పూస్తే లోపల తేమ ఆగి బూజు పడుతుంది. ఒక పొర ఎండాకే ఇంకో పొర. ఆరాక గరుకుగా, రాతి మట్టిలా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: థర్మాకోల్ మీద స్ప్రే పెయింట్, ఘాటైన జిగురు వాడితే కరిగిపోతుంది. ఫెవికాల్, నీళ్ల రంగులే వాడండి.

పట్టాల మధ్య పోయడానికి సన్న ఇసుక జల్లించండి. పోసే ముందు ఇసుక మీద అయస్కాంతం తిప్పడం మర్చిపోవద్దు. ఇసుకలో ఇనుప రేణువులు ఉంటాయి, అవి మోటార్‌లోకి చేరితే కథ ముగిసినట్టే. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, డ్రాపర్‌తో ఇసుక మీద వేయండి. లిక్విడ్ లేకపోతే చుక్క ఇసుకలోకి ఇంకదు, ముద్దలా పైనే నిలుస్తుంది.

రంగులోనే ఊరు కనిపించాలి

బాయి దగ్గర నేల నల్లగా ఉండాలి. దూరం పోయేకొద్దీ నలుపు తగ్గి మట్టి రంగు తేలాలి. క్వార్టర్ల గోడల కింది భాగం కూడా కాస్త మసకబారాలి. బొగ్గు కోసం అసలు బొగ్గునే దంచి వాడొచ్చు. ముఖానికి గుడ్డ కట్టుకుని దంచండి, దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చెట్ల విషయంలో ముందు నెల డిసైడ్ చేసుకోండి. ఫాల్గుణమైతే టేకు చెట్లు ఆకురాల్చి మోడుల్లా ఉంటాయి, మోదుగు మాత్రం ఎర్రగా పూస్తుంది. సన్నటి ఎండు వేర్లు గుచ్చితే టేకు, వాటి కొనలకు నారింజ రంగు అద్దిన పొట్టు అంటిస్తే మోదుగు. వెనకాల ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి చేను కావాలంటే దూది నలుసులు చాలు. కానీ పత్తి పగిలేది చలికాలంలో. మోదుగు పూత, పత్తి చేను ఒకే బోర్డు మీద పెడితే మన ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కింది అంతస్తులో లైటింగ్ తక్కువే ఉండాలి. బొగ్గు తీసే చోట మధ్య మధ్యలో స్తంభాల్లా బొగ్గును వదిలేస్తారు, పైకప్పు కూలకుండా కర్రలు నిలబెడతారు. వాటి మధ్య నాలుగు మనిషి బొమ్మలు, టోపీల మీద పసుపు చుక్క. అంతే, బాయి తయారు.

ఎక్కడ చూడొచ్చు?

అసలు నారో గేజ్ ఇంజిన్లు దగ్గరగా చూడాలంటే ఆదిలాబాద్ నుంచి 44వ జాతీయ రహదారి ఎక్కి నాగ్‌పూర్ వెళ్లండి. అక్కడి మోతీబాగ్‌లో నారో గేజ్ రైల్ మ్యూజియం ఉంది. మోడల్ లేఅవుట్ ఎంత దాకా వెళ్లొచ్చో చూడాలంటే పుణె కొత్రూడ్‌లోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది.

కానీ టబ్బు ఎంత ఎత్తుండేది, తాడు ఎక్కడ కట్టేవాళ్లు, టబ్బు పట్టా తప్పితే ఎంతమంది కలిసి లేపేవాళ్లు.. ఇవి మ్యూజియంలో దొరకవు. మీ వాడలో బాయి పని చేసి రిటైరైన పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు. ప్లైవుడ్ కొనేముందు ఓ నోట్‌బుక్ పట్టుకుని ఆయన దగ్గర కూర్చోండి. లేఅవుట్‌కు అసలు డ్రాయింగ్ ఆయన దగ్గరే ఉంది.